గీజర్‌కు టైమర్ పెడితే బిల్లు నిజంగా తగ్గుతుందా? చలికాలంలో 200 యూనిట్లు దాటిపోతున్నాయి

పానగల్లు_ఇల్లాలు
మాది నల్లగొండ. తెల్ల రేషన్ కార్డు ఉంది, 200 యూనిట్ల దాకా ఉచిత కరెంటు ఇచ్చే గృహజ్యోతి పథకం వచ్చినప్పటి నుంచి జీరో బిల్లే వస్తోంది. వానాకాలం అంతా 150, 160 యూనిట్ల దగ్గర ఉంటాం, చలి మొదలైందంటే మాత్రం టెన్షన్. పోయిన నెల 214 యూనిట్లు వచ్చింది, జీరో బిల్లు పోయి అన్నీ కలిపి పన్నెండు వందల యాభై పైన కట్టాల్సి వచ్చింది. పద్నాలుగు యూనిట్లకు అంత డబ్బు! పక్కింటివాళ్లది 198, వాళ్లు ఒక్క రూపాయి కట్టలేదు. ఇంట్లో కొత్తగా ఏమీ కొనలేదు, ఫ్యాన్లు కూడా తిరగడం లేదు, తేడా అంతా గీజర్‌దే. 25 లీటర్లది, 2000 వాట్లు. తెల్లవారుజామున అత్తమ్మ లేచి స్విచ్ వేస్తారు, ఆమె తర్వాత పిల్లలు, మా ఆయన, చివరికి నేను. బంద్ చేసే పని ఎవరిదో ఎవరికీ తెలియదు, మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి పోతూ చూస్తే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో టైమర్లు అమ్ముతున్నారు, "బిల్లు సగం" అని రాస్తున్నారు. కొనాలా వద్దా, వాడినవాళ్లు చెప్పండి.

కోదాడ_కిరాణం
కళ్లు మూసుకుని కొనండి అక్కా. మేము జనవరిలో పెట్టించాం, మార్చి బిల్లు చూస్తే దాదాపు సగమే. ఇంట్లో టీవీ, ఫ్రిజ్ అన్నీ మామూలుగానే వాడాం.

సూర్యాపేట_బస్టాండ్
మార్చిలో మన దగ్గర స్నానానికి వేడినీళ్లు ఎవరికి కావాలి అన్నా? డాబా మీద ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి. బిల్లు తగ్గించింది టైమరా, ఎండా?

కోదాడ_కిరాణం
పోయినేడు మార్చి కన్నా కూడా తక్కువే వచ్చింది. ఊరికే చెప్పడం లేదు. మా ఇంట్లో రాత్రంతా ఆన్‌లో ఉండేది, ఇప్పుడు పొద్దున గంట, సాయంత్రం అరగంట. తేడా రాకుండా ఎట్లా ఉంటుంది?

లెక్కల_సార్_మిర్యాలగూడ
ఇద్దరి మాటలోనూ విషయం ఉంది, కాస్త లెక్క వేద్దాం.

ముందు బిల్లు సంగతి. కార్డు లేనివాళ్లకు కూడా 200 దగ్గర పెద్ద గీత ఉంది. సరిగ్గా 200 యూనిట్లు వాడితే మొదటి వందకు 3.40 చొప్పున, రెండో వందకు 4.80 చొప్పున, మొత్తం 820 రూపాయలు. 201 వాడారనుకోండి, మొదటి రెండు వందలూ 5.10 రేటుకు మారిపోతాయి, ఆ పైన ఉన్న ఒక్కదానికి 7.70. మొత్తం 1027.70. అంటే ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల ఏడు రూపాయల పైనే. ఫిక్స్‌డ్ చార్జీ, కస్టమర్ చార్జీ, సుంకం వేరే. గృహజ్యోతి ఉన్నవాళ్లకైతే ఈ చెల్లెకు జరిగినట్టే, సున్నా నుంచి నేరుగా వెయ్యి దాటుతుంది. కాబట్టి ఈమెకు బిల్లు సగం కావాల్సిన అవసరం లేదు, ఇరవై యూనిట్లు తగ్గితే చాలు, మొత్తం బిల్లే పోతుంది. ప్రశ్నను అట్లా చూడాలి.

ఇక గీజర్. లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కడానికి ఎంత శక్తి కావాలో అంతే కావాలి, దాన్ని ఏ టైమరూ తగ్గించలేదు. 25 లీటర్లను 20 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే దాదాపు 1.2 యూనిట్లు. 2000 వాట్ల గీజర్‌కు ముప్పై అయిదు నిమిషాల పని. మీరు వాడుకునే నీళ్లకు అయ్యే ఖర్చు ఇది, తప్పదు. టైమర్ ఆదా చేసేది వాడకుండా చల్లారిపోయే వేడిని మాత్రమే. గీజర్ మీద అంటించిన బీఈఈ స్టార్ లేబుల్‌లో స్టాండింగ్ లాస్ అని ఒక అంకె ఉంటుంది, ఎవరూ చూడరు. నల్లా విప్పకుండా 24 గంటలు వేడిగా నిలబెడితే ఎన్ని యూనిట్లు పోతాయో చెప్పే అంకె అది. 25 లీటర్ల మంచి గీజర్‌కు అర యూనిట్ పైచిలుకు, పాతదైతే యూనిట్ దాకా. నెలకు 18 నుంచి 30 యూనిట్లు. కిరాణం తమ్ముడికి రాత్రంతా ఆన్‌లో ఉండేది కాబట్టి ఆదా కనిపించింది. రోజూ పొద్దున వేసి స్నానం కాగానే ఆపే ఇంట్లో మాత్రం టైమర్ కొన్న డబ్బులు కూడా రావు.

వనపర్తి_హాస్టల్
సార్, మా వార్డెన్ సార్ వేరేలా చెప్తారు. ఆపి ఆపి వేస్తే ప్రతిసారీ చల్లటి నీళ్లను మొదటి నుంచి కాగబెట్టాలి కాబట్టి కరెంటు ఎక్కువ లాగుతుందట, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచితే నీళ్లు కాగగానే దానంతటదే ఆపే థర్మోస్టాట్ చూసుకుంటుందట.

లెక్కల_సార్_మిర్యాలగూడ
చాలామంది నమ్మే మాటే ఇది. చిల్లు పడ్డ బిందెను రోజంతా నిండుగా ఉంచాలంటే రోజంతా పోస్తూనే ఉండాలి. అవసరమైనప్పుడు ఒకసారి నింపుకుంటే కారేది తక్కువ. నీళ్లు ఎంత వేడిగా, ఎంతసేపు ఉంటే అంత వేడి బయటికి పోతుంది. చల్లారిన నీళ్లకు పోయే వేడి ఉండదు. అంతకు మించి ఇందులో మర్మం లేదు. మీ హాస్టల్లో వంద మంది రోజంతా వంతులవారీగా స్నానం చేస్తుంటే ఆన్‌లో ఉంచక తప్పదు, అది వేరే సంగతి.

జడ్చర్ల_వైర్‌మన్
సార్ లెక్క కరెక్ట్. కానీ ఇళ్లల్లో నేను చూసే అసలు నష్టం ఇంకోటి, దాని గురించి ఎవరూ అనలేదు.

గీజర్లో వేడినీళ్లు పైనుంచి బయటికి వస్తుంటే అడుగు నుంచి చల్లనీళ్లు ఎక్కుతుంటాయి. అందరికన్నా చివర స్నానం చేసేవాళ్లు నీళ్లు పట్టుకున్నాక ట్యాంకు నిండా చల్లనీళ్లే ఉంటాయి. స్విచ్ ఆన్‌లోనే ఉంది కాబట్టి కాయిల్ మళ్లీ మొదలుపెట్టి 25 లీటర్లూ కాగబెడుతుంది. ఎవరికోసం? ఇంట్లో అందరూ స్నానాలు చేసి ఎవరి పనికి వాళ్లు పోయారు. ఆ నీళ్లు సాయంత్రానికి గోరువెచ్చన, రాత్రికి చల్లన. సార్ చెప్పిన 1.2 యూనిట్లు రోజూ అట్లా గాలిలో కలుస్తాయి. నెలకు ముప్పై యూనిట్ల పైనే. పానగల్లు అక్క ఇంట్లో మధ్యాహ్నం దాకా ఎర్ర లైటు అంటున్నారంటే అక్కడ జరిగేది ఇదే.

కాబట్టి చివరి మనిషి స్నానం అయ్యాక ఆపడం కాదు, ఆ మనిషి బాత్రూంలోకి పోయే ముందే ఆపాలి. ట్యాంకులో ఉన్న వేడి ఒక్కరికి బాగా సరిపోతుంది. టైమర్ కొన్నా ఆఫ్ టైము అట్లాగే పెట్టుకోండి. అందరూ "స్నానాలు ఎనిమిదిన్నరకు అయిపోతాయి" అని ఎనిమిదిన్నరకు పెట్టుకుంటారు, అప్పటికే మళ్లీ కాగి ఉంటుంది. ఎనిమిదికి పెట్టండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకు దొరికే టైమర్లు కొనేముందు ఆంపియర్లు చూడండి. 2000 వాట్లంటే 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు, 3000 వాట్లంటే 13. ఆరు ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టే టైమర్లు లైట్లకు, అక్వేరియంకు. గీజర్‌కు 16 ఆంపియర్లది, మంచి కంపెనీది, ఐఎస్ఐ గుర్తు ఉన్నది కావాలి. కింద సన్న పిన్ను, పైన లావు పిన్ను కలిపే అడాప్టర్ పెట్టి నడిపిస్తామంటే నేను ఒప్పుకోను. మొన్న ఒక ఇంట్లో ఏదో పేరులేని టైమర్ విప్పాను, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ కరిగి బెల్లంపాకంలా సాకెట్‌కు అతుక్కుపోయింది. వాళ్లకు వాసన వచ్చింది కానీ దోమల కాయిల్ అనుకున్నారు.

పానగల్లు_ఇల్లాలు
అన్నా, చివరి స్నానం ముందే ఆపాలన్నది మాకు ఎవరూ చెప్పలేదు. చివర వెళ్లేది నేనే కాబట్టి ఇక నుంచి అది నా పని. మరి టైమర్ ఏ రకం తీసుకోవాలి? గుండ్రంగా తిరిగేదా, నంబర్లు కనిపించేదా?

సూర్యాపేట_బస్టాండ్
చివర వెళ్లేది మీరైతే ఇంక టైమర్ ఎందుకు అక్కా, మీ చెయ్యి చాలదా?

పానగల్లు_ఇల్లాలు
పండగకు పుట్టింటికి పోతే? పొద్దున బడి హడావిడిలో? చేత్తో ఆపడం రోజూ గుర్తుండే ఇల్లైతే నేను ఇక్కడ అడిగేదాన్నే కాదు కదా అన్నా.

దేవరకొండ_అమ్మమ్మ
మాకు గీజరే లేదు. పెరట్లో మూడు రాళ్ల పొయ్యి, పెద్ద బగోనె. పత్తి ఏరడం అయిపోయాక చేనులో కట్టె పీకి మోపులు కట్టి పెట్టుకుంటాం, ఫిబ్రవరి దాకా వస్తుంది. మా మనవడు ఇదంతా చదివి వినిపిస్తున్నాడు, వాడే రాస్తున్నాడు.

వనపర్తి_హాస్టల్
అమ్మమ్మా, మా హాస్టల్ మొత్తం మీ పెరట్లోకి వస్తుంది, మోపులు మేమే మోస్తాం.

దేవరకొండ_అమ్మమ్మ
రండి బిడ్డా, ఒక్క బగోనె మాత్రం సరిపోదు. పొగకు కళ్లు మండుతాయి, అది కూడా చెప్తున్నా. కోడలు అందుకే గీజర్ అంటోంది.

మెట్టుగడ్డ_అద్దె
పాలమూరులో అద్దెకు ఉంటున్నాం. మా బాధ వేరే. కింద ఓనర్లు, పైన మేము, మీటరు ఒక్కటే, మాకు సబ్ మీటర్. ఇద్దరి యూనిట్లూ కలిసి చలికాలమే కాదు ఏ కాలమైనా రెండు వందలు దాటుతుంది, మాది తొంభై యూనిట్లే అయినా పై స్లాబ్ రేటు కడుతున్నాం. ఇట్లాంటి ఇంట్లో టైమర్ పెడితే ఏం లాభం?

లెక్కల_సార్_మిర్యాలగూడ
ఒకందుకు మీకే ఎక్కువ లాభం అమ్మా. మొత్తం 300 దాటితే ఆ పైన ప్రతి యూనిట్ 9 రూపాయలు, 400 దాటితే 9.50. అక్కడ తగ్గిన ప్రతి యూనిట్ ఖరీదైన యూనిట్. అయితే అసలు మందు వేరే మీటరు. పై పోర్షన్‌కు వంటగది, ద్వారం విడిగా ఉంటే ఓనర్ దరఖాస్తు పెట్టుకుని రెండో సర్వీసు తీసుకోవచ్చు. ఒకసారి అడిగి చూడండి, ఆయనకు కూడా స్లాబ్ తగ్గుతుంది కాబట్టి వినొచ్చు.

కోదాడ_కిరాణం
గ్యాస్ గీజర్ పెట్టుకుంటే ఈ కరెంటు గొడవే ఉండదు కదా? నల్లా విప్పగానే వేడినీళ్లు.

నాగర్‌కర్నూల్_నర్స్
బాత్రూం లోపల మాత్రం పెట్టకండి. దయచేసి. గాలి ఆడని చిన్న గదిలో గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది, దానికి రంగు లేదు, వాసన లేదు. స్నానం చేస్తున్న మనిషికి తల తిరిగినట్టు, నిద్ర వచ్చినట్టు అనిపిస్తుంది, తలుపు గడియ తీసేంత బలం కూడా ఉండదు. చలి అని వెంటిలేటర్‌కు అట్టముక్క అడ్డం పెట్టే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను. పెట్టాలనుకుంటే బాత్రూం బయట, బయటి గాలి తగిలేచోట పెట్టి పైపు లోపలికి తెచ్చుకోండి.

రాడ్ హీటర్ వాడేవాళ్లు కూడా వినండి. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, అప్పుడు నీళ్లు ముట్టుకోవాలి. కాగాయా లేదా అని వేలు ముంచి చూసే అలవాటు ప్రాణం తీస్తుంది. ఇనుప బకెట్‌లో అసలే పెట్టొద్దు.

జడ్చర్ల_వైర్‌మన్
నర్సమ్మ మాటకు నా మాట కలుపుతున్నా. గీజర్ ఉన్నా, రాడ్ ఉన్నా ఇంటికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించండి. టైమర్ బిల్లు తగ్గిస్తుంది, ఇది మనిషిని కాపాడుతుంది. రెండిట్లో ఒకదానికే డబ్బులుంటే ముందు ఇదే.

ఇక అక్క అడిగింది. గుండ్రటి టైమర్ చౌక, వాడటం సులువు. చుట్టూ చిన్న చిన్న పళ్లు ఉంటాయి, ఒక్కో పన్ను పదిహేను నిమిషాలు, ఏ టైముకు నడవాలో ఆ పళ్లు కిందికి నొక్కాలి. చదువు రానివాళ్లు కూడా పెట్టుకోవచ్చు. కానీ దాని మోటరు కరెంటు మీదే తిరుగుతుంది. కరెంటు పోతే చక్రం ఆగిపోతుంది, వచ్చాక ఆగినచోటు నుంచే తిరుగుతుంది. రాత్రి రెండు గంటలు కోత పడితే పొద్దున అయిదుకు రావాల్సిన నీళ్లు ఏడుకు వస్తాయి. నంబర్లదానికి లోపల చిన్న బ్యాటరీ ఉంటుంది, టైము తప్పదు. టౌనులో ఉంటే ఏదైనా ఫర్వాలేదు, ఊళ్లల్లో నంబర్లదే తీసుకోండి.

మర్రిగూడ_రైతు
మా ఊళ్లో గీజర్లు రెండేళ్లకు మించి నిలబడవు. బోరు నీళ్లు అట్లాంటివి. మెకానిక్ వచ్చి విప్పితే లోపలి నుంచి కోడిగుడ్డు పెంకుల్లాంటి తెల్లటి పెచ్చులు తట్టెడు వచ్చాయి, కాయిల్ కనిపించనే లేదు, దాని మీద వేలు మందం సున్నం. అంత సున్నం పట్టినప్పుడు కరెంటు ఎక్కువ కాలదా? టైమర్ కన్నా ముందు అది కడిగించుకోవాలేమో చూసుకోండి అందరూ.

జడ్చర్ల_వైర్‌మన్
కడిగించుకోవాలి, అందులో అనుమానం లేదు. కానీ ఒక తేడా ఉంది. కాయిల్ నీళ్లలోనే మునిగి ఉంటుంది కాబట్టి ఆ వేడి ఆలస్యంగానైనా నీళ్లలోకే పోతుంది, అందుకని యూనిట్లు మరీ ఎక్కువేం పెరగవు. కాలిపోయేది కాయిల్. సున్నం కింద వేడి బయటికి పోలేక ఎర్రబడి పగులుతుంది, పగిలాక ఇంటికి షాక్ భయం. పెచ్చులు అడుగున పేరుకుంటే 25 లీటర్ల ట్యాంకు 20 లీటర్లే పడుతుంది. ఏడాదికోసారి చలికాలానికి ముందు విప్పించండి, అప్పుడే లోపల మెగ్నీషియం రాడ్ కూడా చూడమనండి. అది తినేసినట్టు సన్నబడితే మార్చాలి, లేకపోతే తుప్పు ట్యాంకును తింటుంది. థర్మోస్టాట్ 55 దగ్గర పెడితే సున్నం కూడా తక్కువ పడుతుంది.

మర్రిగూడ_రైతు
మిషన్ భగీరథ నల్లా నీళ్లు గీజర్‌కు కలుపుకోవచ్చు కానీ అవి తాగడానికి, వంటకే సరిపోతాయి. స్నానానికి బోరే గతి.

దేవరకొండ_అమ్మమ్మ
గీజర్ నీళ్లు ఎసరుకు పోస్తే గ్యాస్ మిగులుతుందని మా పక్కింటి పిల్ల చేస్తోంది. మంచిదేనా?

నాగర్‌కర్నూల్_నర్స్
వద్దమ్మా. గీజర్ ట్యాంకులో నిలవ ఉన్న నీళ్లు వంటకు పనికిరావు. పైగా అది బోరు నీరైతే మీవైపు ఫ్లోరైడ్ ఉంటుంది, కాగబెడితే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. నల్లగొండ జిల్లాలో వంకరపోయిన కాళ్లు చూసినవాళ్లం మనం, ఆ రెండు నిమిషాల గ్యాస్ కోసం అంత పని వద్దు. భగీరథ నీళ్లే ఎసరుకు పెట్టమని చెప్పండి.

పాలమూరు_డాబా
మాది సోలార్ వాటర్ హీటర్, వంద లీటర్లది. ఎండ ఉన్నన్నాళ్లు ఖర్చు సున్నా. కానీ మబ్బు రోజుల కోసం అందులో కరెంటు కాయిల్ కూడా ఉంటుంది, దాని గురించి చెప్పాలి. మాకు పెట్టినవాళ్లు ఆ కాయిల్‌ను నేరుగా ఆన్‌లో వదిలి వెళ్లిపోయారు. రాత్రి మేము నీళ్లు వాడితే ట్యాంకులోకి చల్లనీళ్లు వచ్చి కాయిల్ అర్ధరాత్రి నుంచి వంద లీటర్లు కాగబెట్టేది, పొద్దున ఎండ వచ్చేసరికి కాగడానికి నీళ్లే ఉండేవి కావు. సోలార్ పెట్టించుకుని కరెంటుతో స్నానం చేస్తున్నామన్నమాట. టైమర్ అవసరమైంది అక్కడ. ఇప్పుడు వాన మబ్బు పట్టిన రోజున మాత్రమే, పొద్దున స్నానానికి ముందు గంటసేపు. మామూలు రోజుల్లో ఆ కాయిల్ ఎంసీబీ (కరెంటు కట్ చేసే స్విచ్) కిందికి దించేసి ఉంచుతాం.

సూర్యాపేట_బస్టాండ్
డాబా అన్నా, వాటర్ హీటర్ కాకుండా నేరుగా కరెంటు తయారుచేసే ప్యానెళ్లు పెట్టుకుంటే?

పాలమూరు_డాబా
డబ్బులున్నవాళ్లకు అదే మంచిది. పీఎం సూర్యఘర్ కింద కిలోవాట్‌కు 30 వేల చొప్పున రెండు కిలోవాట్ల దాకా, మూడు కిలోవాట్లు ఆపైన 78 వేలు సబ్సిడీ. స్నానానికి మాత్రమే అయితే వాటర్ హీటర్ చాలు, తక్కువ చోటు, తక్కువ ఖర్చు. రెండిటికీ డాబా మీద నీడపడని చోటు కావాలి.

వనపర్తి_హాస్టల్
షవర్‌కు, బకెట్‌కు కరెంటులో తేడా ఉంటుందా సార్? మా రూంలో పెద్ద వాదన నడుస్తోంది.

లెక్కల_సార్_మిర్యాలగూడ
చాలా తేడా. 20 లీటర్ల బకెట్‌ను 22 డిగ్రీల నుంచి ఒంటికి సరిపడే 40 డిగ్రీలకు తేవడానికి 0.42 యూనిట్లు. షవర్ నిమిషానికి ఎనిమిది లీటర్లు వదులుతుందనుకుంటే పది నిమిషాలకు 80 లీటర్లు, అంటే దాదాపు 1.7 యూనిట్లు. నాలుగు బకెట్లతో సమానం. అయిదుగురి ఇంట్లో అందరూ బకెట్ అయితే రోజుకు రెండు యూనిట్ల చిల్లర, నెలకు అరవై మూడు. అందులో ఒక్కరు పది నిమిషాల షవర్‌కు మారినా నెలకు 38 యూనిట్లు పెరుగుతాయి. టైమర్ మిగిల్చింది మొత్తం అక్కడే పోతుంది.

పానగల్లు_ఇల్లాలు
సార్, ఈ పోస్టు మా పెద్దోడికి చూపించాను. ఇంటర్ చదువుతున్నాడు, షవర్ కింద నిలబడి పాటలు పాడతాడు. లెక్క తప్పు పడుతుందేమో అని వాడే కాగితం మీద వేసుకున్నాడు, 1.7 యే వచ్చింది. చలికాలం అయ్యేదాకా బకెట్‌కు ఒప్పుకున్నాడు.

కోదాడ_కిరాణం
పాటలు బకెట్ దగ్గర కూడా పాడుకోవచ్చని చెప్పండి.

జడ్చర్ల_వైర్‌మన్
అందరూ లెక్కలే అంటున్నారు, మీ ఇంట్లో మీటరే నిజం చెప్తుంది. మీటరు మీద చిన్న ఎర్ర లైటు టిక్కుటిక్కుమని కొడుతుంటుంది. పక్కనే 3200 అనో, ఇంకో అంకో రాసి ఉంటుంది, అన్నిసార్లు కొడితే ఒక యూనిట్. 3200 రాసున్న మీటర్లో 2000 వాట్ల గీజర్ ఒక్కటే నడుస్తుంటే సెకనుకు దాదాపు రెండుసార్లు కొడుతుంది. గీజర్ కట్ ఆఫ్ కాగానే ఒక్కసారి నెమ్మదిస్తుంది. మీరు స్నానం చేసి వచ్చాక పోయి మీటరు చూడండి, అది ఇంకా వేగంగా కొడుతుంటే ఎవరికోసమో నీళ్లు కాగుతున్నట్టే.

లెక్కల_సార్_మిర్యాలగూడ
దానికి తోడు ఇంకో చిన్న పని. రీడింగ్ తీసిన రోజు బిల్లులో ఉన్న అంకెకు 200 కలిపి మీటరు పక్కన గోడ మీద రాసి పెట్టండి. ఆ అంకె దాటకూడదు. రోజుకు ఆరున్నర యూనిట్లు మీ వాటా. పదిహేనో రోజుకు నూరు లోపల ఉంటే నిశ్చింత, దాటితే మిగిలిన సగం నెల ఏం తగ్గించాలో ముందే తెలుస్తుంది. బిల్లు చేతికొచ్చాక బాధపడి లాభం లేదు. సంక్రాంతికి చుట్టాలు వచ్చే నెలలో ఇది మరీ అవసరం.

పానగల్లు_ఇల్లాలు
గోడ మీద రాసేశాను, బొగ్గుతోనే. అత్తమ్మ కూడా పోతూ వస్తూ చూస్తున్నారు. నంబర్ల టైమర్, 16 ఆంపియర్లది తీసుకుంటున్నాం. పొద్దున అయిదింబావుకు ఆన్, ఏడూ నలభై అయిదుకు ఆఫ్. ఒకటే అనుమానం, మా గీజర్ స్విచ్ బాత్రూం లోపలే ఉంది, టైమర్ అక్కడే తగిలించొచ్చా?

జడ్చర్ల_వైర్‌మన్
వద్దక్కా. ఆవిరి, నీళ్ల చుక్కలు టైమర్లోకి పోతాయి. స్విచ్, సాకెట్ రెండూ బయటి గోడకు మార్పించండి, రెండున్నర ఎంఎం వైరు వాడమనండి, మూడు కిలోవాట్ల గీజర్ అయితే నాలుగు ఎంఎం. ఎర్తింగ్ ఉందో లేదో టెస్టర్‌తో కాదు, బల్బు పెట్టి చూడమనండి. ఎంసీబీ ఆపకుండా ఎవరినీ పని మొదలుపెట్టనివ్వొద్దు.

మెట్టుగడ్డ_అద్దె
ఓనర్‌తో మాట్లాడాను సార్, రెండో మీటరు గురించి ఆలోచిస్తానన్నారు. ఈలోపు ఇంకో ప్రశ్న. మా బాత్రూంలో ఉన్నది చిన్నది, మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్, 3000 వాట్లు. దానికి టైమర్ పెట్టాలా?

జడ్చర్ల_వైర్‌మన్
అవసరం లేదు. దాంట్లో నిలవ ఉండేది మూడు లీటర్లే, చల్లారి పోయేది ఏమంత ఉండదు. బకెట్ నిండగానే స్విచ్ ఆపండి చాలు. ఆ డబ్బులు రెండో మీటరుకు దాచుకోండి.